రాంనగర్ చేపల మార్కెట్‌లో నా చెయ్యి పట్టుకుని నేర్పిన పెద్దమ్మకు

పోయిన ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్లాను. మా ఇంట్లో చేపలు తెచ్చేది ఎప్పుడూ నాన్నే. ఆయన పోయాక ఇదే మొదటిసారి. ఆ రద్దీలో టెన్షన్ పడుతూ ఒక బొచ్చె చేప తీసుకోబోతుంటే, పక్కనే కొనడానికి వచ్చిన మీరు "ఆగు బిడ్డా, మొప్పలు తెరిచి చూడు" అన్నారు. గోధుమరంగులో ఉన్నాయి. వద్దని పక్కన పెట్టించి, ఇంకో చేప కడుపు మీద నా వేలితోనే నొక్కించారు. గుంట పడలేదు, వెంటనే పైకొచ్చింది. మొప్పలు ఎర్రగా, కళ్లు మెరుస్తూ ఉన్నాయి. కిలోన్నర తూగింది.

కోసేవాళ్ల దగ్గర కూడా మీరు నా పక్కనే నిలబడ్డారు. లోపలి చేదు తిత్తి పగిలితే కూరంతా చేదవుతుందని వాళ్లకు చెప్పి మరీ జాగ్రత్తగా తీయించారు. ఇంటికెళ్లి రాళ్ల ఉప్పు, పసుపు, నిమ్మరసంతో రుద్ది రెండుసార్లు కడగమన్నారు. ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దని, గిన్నె అంచులు పట్టుకుని తిప్పమని చెప్పారు. అచ్చం నాన్న చెప్పే మాట అది.

అలాగే చేశాను. ఒక్క ముక్క కూడా విరగలేదు. పులుసు రాత్రంతా ఉంచి మర్నాడు అమ్మకు పెట్టాను. చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మీ పేరు అడగలేదు పెద్దమ్మా. మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.