ఉరికీ అబార్షన్‌కీ ఒకే తక్కెడా?

సంపాదకులు గారికి నమస్తే.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, ఉరిశిక్ష వద్దనేవాళ్లే అబార్షన్ హక్కు అంటారు, హంతకుడి ప్రాణం తీపి, కడుపులో బిడ్డ ప్రాణం చేదా అని. మా సిరొంచలో ఆ ఉత్తరాన్ని గల్లీలో నలుగురం కూర్చుని చదువుకున్నాం, ఇద్దరు ఆయన మాటే కరెక్టన్నారు. వినడానికి బాగానే ఉంది మరి.

ఉరి సంగతి ముందు చెప్తాను. చిన్నపిల్లల మీద ఘోరాలు విన్నప్పుడు వాణ్ణి ఉరి తియ్యాల్సిందే అని నేనూ అన్నదాన్నే, అబద్ధమెందుకు. కానీ మా మహారాష్ట్రదే ఒక కేసుంది. సంచార తెగకు చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టు ఉరి ఖాయం చేసింది, అదే సుప్రీంకోర్టు 2019లో వాళ్లు నిర్దోషులని వదిలేసి, ఒక్కొక్కరికి 5 లక్షలు ఇవ్వమని సర్కారుకు చెప్పింది. వాళ్లలో ఒకడు నేరం జరిగిననాటికి మైనరట. ఆ పదేళ్లలో ఎప్పుడో ఒకనాడు తాడు బిగించి ఉంటే ఆ 5 లక్షలు ఎవరి చేతిలో పెట్టేవాళ్లు? ప్రాణహిత అవతల, పాత ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీలో ఉరి తీశారు. ఆ కేసు మళ్లీ చూద్దామన్నా ఇప్పుడు మనుషులేరి?

ఉరి అంటే సర్కారు ఒక మనిషిని కట్టేసి చంపడం. అబార్షన్‌లో సర్కారు ఎక్కడుంది, అది ఆమె ఒంట్లో సంగతి. ఆయనన్నట్టు కడుపులో బిడ్డను మన చట్టమేమీ గాలికొదిలెయ్యలేదు. ఉరి పడ్డ ఆడమనిషి గర్భిణి అని తేలితే హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చాలి. ఆడపిల్లని తెలుసుకుని తీయించేసేవాళ్లను ఆపడానికి 1994లోనే వేరే చట్టం వచ్చింది. 26 వారాల గర్భంతో ఒకామె అబార్షన్‌కు అనుమతి అడిగితే 2023లో సుప్రీంకోర్టు వద్దంది, ఆ తీర్పు గురించి చదివినప్పుడు నా మనసూ అటూ ఇటూ ఊగింది.

కానీ మా దగ్గర గొడవ 26 వారాలది కాదు. మా పక్కింటి వదినకు ఇద్దరు పిల్లలు, ఒంట్లో రక్తం లేదు, రెండో నెలలోనే అబార్షన్ కోసం నది దాటి ఒక ఆసుపత్రికి పోతే భర్త సంతకం తెమ్మన్నారు. అన్న మిరపకాయ ఏరడానికి ఖమ్మం వైపు పోయి ఉన్నాడు, ఫోన్‌లో మాట్లాడిస్తామన్నా వినలేదు. మా జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే దాదాపు 200 కిలోమీటర్లు, ఆ రోడ్డు గురించి చెప్పాలంటే ఇంకో ఉత్తరం రాయాలి. ఆఖరికి ఆమె ఎవరో చెప్పిన గోళీలు మెడికల్ షాపులో తెచ్చుకుని మింగింది. నెత్తురు ఆగకపోతే రాత్రికి రాత్రి కాళేశ్వరం బ్రిడ్జి దాటించి తీసుకెళ్లాం. బతికింది. ప్రాణం విలువ గురించి అంత రాసినాయన ఉత్తరంలో ఇట్లాంటి ప్రాణం ఒక్కటీ లేదు, నాకు కోపం వచ్చింది అందుకే.

1971 నాటి అబార్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన, మతిస్థిమితం ఉన్న ఆడమనిషి ఒప్పుకుంటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. 20 వారాల వరకు ఒక్క డాక్టర్ సరేనంటే సరిపోతుంది. ఈ రెండు ముక్కలు మీ జిల్లా పేజీలో కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి. మా గల్లీలో చదివి వినిపించే పని నాది.

– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా