పార్సిలు కట్టి పెట్టాను

చిరంజీవి చిన్నాకి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారికి షుగరు అదుపులోనే ఉంది. పనసచెట్టు కొమ్మ కొట్టించేశాం, సావిత్రత్తయ్యతో ఆ గొడవ తీరింది. నువ్వు ఫోను చేసి ఇవాళ్టికి 19 రోజులు. పనుల్లో ఉండుంటావులే.

మీ బేస్‌బాల్‌లో ఆటగాళ్లు జట్లు మారే బేరాల కాలం వచ్చేసిందిగా! 2023 డిసెంబరులో ఆ జపాన్ ఆటగాడు ఓటానీ టొరాంటో జట్టులో చేరడానికి విమానం ఎక్కేశాడని లోకమంతా ఆ విమానం వెంట పడింది, గుర్తుందా? తీరా అందులోంచి దిగింది ఎవరో కెనడా వ్యాపారి. ఓటానీ కాలిఫోర్నియాలోనే ఉన్నాడు. మర్నాడు తనే చెప్పుకున్నాడు, లాస్ ఏంజిలిస్ జట్టు డాడ్జర్స్‌కి వెళ్తున్నానని. డాలస్ బుజ్జి కూడా నువ్వు బోస్టన్ వదిలి లాస్ ఏంజిలిస్ వెళ్తున్నావంది. నేను నమ్మలేదు.

2020 ఫిబ్రవరిలో మేం నీ దగ్గరున్నాం కదా. మీ బోస్టన్ జట్టు ఆటగాడు మూకీ బెట్స్‌ని డాడ్జర్స్‌కి ఇచ్చేస్తున్నారని రాత్రి తెలిసింది. కలిపిన అన్నం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నావు. 2018లో కప్పు గెలిపించినవాణ్ణి, ఏడాదిలో ఒప్పందం అయిపోతుందని ముందే ఇచ్చేస్తారా అన్నావు. అదే జట్టులోని ప్రైస్‌ని కూడా పంపుతున్నారంటే, పోనీ తోడుంటాడులే అన్నాను. విసుక్కున్నావు. ఒకట్రెండు రోజులకి, అదే బేరంలో మిన్నెసోటా జట్టు నుంచి రావాల్సిన గ్రాటెరాల్ అనే, బంతి విసిరే కుర్రాడి వైద్య కాగితాలు చూసి బోస్టన్ వాళ్లు వెనకాడారు. "ఆగిందమ్మా" అంటూ రెండు గిన్నెల పాయసం తాగావు. ఆదివారానికల్లా మళ్లీ మాటలు కలిశాయి. డాడ్జర్స్ నుంచి వెర్డూగో అనే ఆటగాణ్ణీ, ఇంకో ఇద్దరు కుర్రాళ్లనీ తీసుకుని బెట్స్‌ని ఇచ్చేశారు. ఆ ఏడే అతను అక్కడ 12 ఏళ్లకి 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు, కప్పూ గెలిచాడు. నువ్వు మాత్రం అతని 50 నంబరు చొక్కా మడతపెట్టి నా సూట్‌కేసులో పడేశావు. బీరువాలో భద్రంగా ఉంది.

వైద్య కాగితాలంటే గుర్తొచ్చింది, ఆ నడుము నొప్పి డాక్టరుకి చూపించావా?

ఆ ఆటలో 10 ఏళ్లు ఆడి, చివరి 5 ఒకే జట్టులో ఉంటే, వేరే జట్టుకి ఇచ్చేస్తామంటే వద్దనే హక్కు వస్తుందని నువ్వే చెప్పావు. మిగతావాళ్లు ఒప్పందంలో రాయించుకోకపోతే ఎవరూ అడగరట. నిన్నూ అడక్కుండానే పంపిస్తున్నారా? లేక నువ్వే వెళ్తానన్నావా? ఏదైనా నాకు సంతోషమే. నీతులు చెప్పను గానీ, హెచ్1బి కాగితాలు చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకు. ఆరోగ్య బీమా ఒక్కరోజు కూడా తెగనివ్వకు. అంతా కుదిరిందని వాళ్లు నోటితో చెప్పినా సంతకం పడేదాకా సామాన్లు కట్టకు. అద్దె ఇల్లు అప్పుడే ఖాళీ చేస్తానని చెప్పేశావా ఏమిటి?

శనివారం మీకు రాత్రి తొమ్మిదికి చెయ్యి, ఇక్కడ పూజ అయిపోతుంది. బుజ్జి నోట కాదు, నీ నోట వినాలి నాన్నా.

కందిపొడి, గోంగూర పచ్చడి కట్టి పెట్టాను. ఏ ఊరి అడ్రసు రాయాలో చెప్పు.

అమ్మ