ఆ చక్రంలో ఏం వింటున్నాడు?

సంపాదకులకు,

తొమ్మిదేళ్ల మా అబ్బాయికి ఆటిజం ఉంది. బొమ్మ కారు ఇస్తే నడపడు. తిరగేసి, చక్రాన్ని వేలితో తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుంటాడు. మొదట్లో లాగేసుకునేవాళ్లం. ఓ రోజు నేనూ విన్నాను. నాలుగు చక్రాల్లో ఒకటి వేరేగా మోగుతోంది. విప్పి చూస్తే ఇరుసుకు వెంట్రుక చుట్టుకుని ఉంది! వాడికి ఆడుకోవడం రాదని మేం బాధపడిన గంటల్లో వాడు చేస్తున్న పని అదన్నమాట.

ఇలాంటి పిల్లలకు ఊహాశక్తి తక్కువని చాలామంది అనేస్తారు. 2015లో బ్రిటన్ పరిశోధకులు, పేపర్ క్లిప్పు లాంటి వస్తువును ఎన్ని రకాలుగా వాడొచ్చో చెప్పమన్నారు. ఆటిజం లక్షణాలు ఎక్కువున్నవారు తక్కువ జవాబులే ఇచ్చారు, కానీ వాటిలో ఇతరులకు తట్టనివి ఎక్కువ. అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్‌కూ ఆటిజం ఉంది. పశువులు నడిచే దారిలోకి తనే దిగి, వాటి కంటి ఎత్తులో చూసి, వేలాడే గొలుసు, నేలమీది నీడ వాటిని బెదరగొడుతున్నాయని ఆమె పట్టుకున్నారు.

అలాగని ప్రతి పిల్లాడూ మేధావి కావాలంటే అదింకో టెన్షన్. మావాడు కారు చక్రం వింటే చాలు మాకు.

వాడి థెరపీ రిపోర్టులో 'చేసిన పనే పదేపదే చేస్తాడు' అని రాశారు. అందులో వాడు ఏం వెతుకుతున్నాడో ఒక్క ముక్కా లేదు. మీ ఆరోగ్యం పేజీలో ఆటిజం లక్షణాలు వేసేటప్పుడైనా ఆ ముక్క కూడా రాయించండి.

– ఓ తండ్రి