అమ్మ హజ్‌కు చెయ్యందించిన వాళ్లందరికీ

అస్సలాము అలైకుం.

అల్లాహ్ దయవల్ల అమ్మ హజ్ పూర్తయింది. మక్కాలో మాకు సాయపడిన వాళ్లలో చాలామంది పేర్లు కూడా తెలియవు. తెలిసినవాళ్లేమో పేరు రాయొద్దన్నారు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడని ప్రవక్త (సఅసం) మాట. అందుకే అందరికీ ఇక్కడే చెప్పుకుంటున్నాను: జజాకుముల్లాహు ఖైరన్ (అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వుగాక).

అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎప్పటినుంచో ఉన్నాయి. బయల్దేరే ముందు నుంచీ ఆమె నోట ఒకటే జిక్ర్ (అల్లాహ్ స్మరణ): "లా హౌల వలా ఖువ్వత ఇల్లా బిల్లాహ్." అల్లాహ్ తోడు లేనిదే మనకు ఏ శక్తీ లేదు. నడిచే బలం ఇవ్వమని రోజూ అడిగేది. చక్రాల కుర్చీ మాటెత్తితే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకునేది, పుణ్యం తగ్గిపోతుందేమోనని.

మా బృందంలోని మౌలానా సాహెబ్‌కు ముందుగా నా సలాం. ఆయన అమ్మ ఎదుట తీరిగ్గా కూర్చుని, ప్రవక్త (సఅసం) సతీమణి ఉమ్మె సలమా (రజి) సంగతి చెప్పారు. ఒంట్లో బాగాలేదని ఆమె మొరపెట్టుకుంటే, వాహనమెక్కి జనం వెనకగా తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) చెయ్యమన్నారు ప్రవక్త (సఅసం). "విశ్వాసుల తల్లికి చాలిన తవాఫ్ మీకు చాలదా అమ్మా?" అన్నారు మౌలానా. ఆ మాటతో అమ్మ బెంగ తీరింది. అడిగిన బలం ఆమెకు ఈ దారిన అందిందనే నా నమ్మకం.

సరిగ్గా అప్పుడే నన్ను జ్వరం పట్టుకుంది. కుర్చీ తోసింది మా బృందంలోని ఒక తమ్ముడు. కుర్చీలు పై అంతస్తులో తిరగాలి, అక్కడ చుట్టు చాలా పెద్దది. అయినా కాబా మూలల్లో ఒకటైన రుక్నె యమానీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నడక తగ్గించేవాడు. తర్వాతి మూలలోని నల్లరాయి హజ్రె అస్వద్ వచ్చేలోగా అమ్మ "రబ్బనా ఆతినా ఫిద్దున్యా హసనతన్" (ప్రభూ, మాకు ఈ లోకంలో మేలు ప్రసాదించు) దుఆ తొందర లేకుండా పూర్తి చేసుకోవాలని. చెప్పకుండానే అతనికి అది తోచింది!

సఫా, మర్వా గుట్టల మధ్య నడిచే సయీలో ఏడు మార్లూ కలిపితే మూడు కిలోమీటర్లకు పైనే. చివరిదైనా, సఫా నుంచి మర్వా దాకా, ఇబ్రాహీం (అలై) భార్య హాజిరా (అలై) నీళ్ల కోసం పరుగెత్తిన చోట తన కాళ్లతో నడవాలని అమ్మ పట్టుబట్టింది. ఎవరో ఇద్దరు పరాయి దేశపు స్త్రీలు చెరో పక్క వచ్చి పట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. వాళ్లలో ఒకామె "ఇన్నస్సఫా వల్ మర్వత మిన్ షఆఇరిల్లాహ్" (సఫా, మర్వా అల్లాహ్ చిహ్నాల్లోవి) అనే ఖురాన్ వాక్యం ఎత్తుకుంది, అమ్మ గొంతు కలిపింది. అలాగే మర్వా చేరారు. నేను వెనకే నడుస్తూ ఏడ్చాను.

అరఫాత్ మైదానపు ఎండలో తన వంతు నీళ్లు కూడా అమ్మకే ఇచ్చిన పక్క గుడారపు ఆపాకు, రాత్రి బస చేసే ముజ్దలిఫా నుంచి బలహీనుల్ని రాత్రే మీనాకు చేర్చిన వలంటీర్లకు (ప్రవక్త (సఅసం) మరో సతీమణి సౌదా (రజి) గారికి దొరికిన అనుమతే అది), షైతాన్‌కు గుర్తైన స్తంభాలపై రాళ్లు వేసే జమరాత్‌లో తన రాళ్లు వేశాక అమ్మ తరఫున కూడా వేసిన ఆ తమ్ముడికి మళ్లీ, మా సలాములు.

కనబడని చోట సోదరుడి కోసం దుఆ చేస్తే ఫరిష్తా (దేవదూత) ఆమీన్ అంటాడట, "నీకూ అంతే" అని కూడా. అమ్మ ప్రతి నమాజు తర్వాతా మీ కోసం చేతులెత్తుతోంది. మీలో ఎవరైనా ఇది చదివితే మీ తల్లిదండ్రుల పేర్లు నాకు విడిగా పంపండి, వాళ్లనూ దుఆలో తలచుకుంటానంటోంది.