పదేళ్ల వారంటీ కంప్రెసర్‌కేనా?

సంపాదకుడు గారికి,

మా అత్తయ్యగారు ఇన్సులిన్ తీసుకుంటారు. ఫ్రిజ్ ఒక్కరోజు ఆగినా మాకు టెన్షనే. నిరుడు వేసవిలో కొన్నది, ఏడాది దాటీ దాటగానే చల్లబడటం మానేసింది. తలుపు మీద మాత్రం ‘10 ఏళ్ల వారంటీ’ అని పెద్ద స్టిక్కర్! మెకానిక్ వచ్చి చూసి, ‘‘పదేళ్లు కంప్రెసర్‌కేనమ్మా, పోయింది దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు, దానికి ఏడాదే’’ అన్నాడు. బోర్డు పనిచేయకుండా కంప్రెసర్ ఎలా తిరుగుతుంది? ఆ పదేళ్లు ఎవరికి పనికొచ్చినట్టు?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువుపై ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది, సంతోషమే. కానీ ఫ్రిజ్‌కు కనీసం ఇన్నేళ్లు వారంటీ ఉండాలని అందులో ఎక్కడా లేదు. అది కంపెనీ ఇష్టం. యూరోపియన్ యూనియన్ దేశాల్లో కొత్త వస్తువుకు అమ్మినవారే కనీసం రెండేళ్లు బాధ్యత వహించాలి. ఆస్ట్రేలియాలోనైతే ధరను, రకాన్ని బట్టి ఆ వస్తువు ఎంతకాలం మన్నాలో చూస్తారు; కంపెనీ వారంటీ అయిపోయినా కొన్నవారి హక్కు పోదు.

పాతిక ముప్పై వేలు పోసి కొనే ఫ్రిజ్‌కు బోర్డుతో సహా కనీసం ఐదేళ్ల వారంటీ ఉండేలా కేంద్ర ప్రభుత్వం చట్టం సవరించాలి. అప్పటిదాకా కనీసం ‘కంప్రెసర్‌కు మాత్రమే’ అన్న మాటను కూడా స్టిక్కర్ మీద అంతే పెద్ద అక్షరాల్లో వేయించాలి. ఇలా నష్టపోయినవారు ఊరుకోకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

– ఒక గృహిణి, తెనాలి