డిమీటర్ కథ పూర్తిగా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో గ్రీకు దేవతల గురించి చదివాను. దేవతల రాజు జ్యూస్ పిడుగు, సముద్ర దేవుడు పొసైడన్ త్రిశూలం అన్నీ వచ్చాయి. పంటల తల్లి డిమీటర్‌కు మాత్రం ఒక్క వాక్యమే. చాలా బాధేసింది.

కూతురు పెర్సెఫొనీని పాతాళ రాజు హేడిస్ ఎత్తుకుపోతే, ఆ తల్లి తిండి మాని, దివిటీలు పట్టుకుని తొమ్మిది రోజులు వెతికింది. భూమ్మీద గింజ మొలవనివ్వలేదు. జ్యూస్ అంతటివాడే దిగొచ్చాడు! కూతురు తిరిగొచ్చింది కానీ, అక్కడ దానిమ్మ గింజ తిన్నందుకు ఏడాదిలో మూడోవంతు పాతాళంలోనే ఉండాలి. ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్‌లో ఈ తల్లీకూతుళ్లకు వెయ్యేళ్లకు పైగా ఉత్సవాలు జరిగాయి. ఆడవాళ్లకూ, బానిసలకూ ప్రవేశం ఉండేది.

ఈ కథ మా మనవరాలికి నేనే చెప్పాను. మిగతా పిల్లలకు మీరు చెప్పండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు