మొటిమలు: నింద మిర్చీల మీదేనా?

సంపాదకులకు,

నాకు ముప్పై ఆరేళ్లు. గడ్డం కింద ఇంకా మొటిమలే. హన్మకొండలోని నా టైలరింగ్ షాపుకు వచ్చే ప్రతి అక్కా "మిర్చీలు మానెయ్, నూనె వద్దు" అంటుంది. నూనె వంటలే కారణమనడానికి గట్టి రుజువు లేదు. రక్తంలో చక్కెరను గబుక్కున పెంచే తిండి, కొందరిలో పాలు, జిమ్ పిల్లలు తాగే వే ప్రోటీన్ (పాల నుంచి తీసే పొడి): పరిశోధనలు వీటినే ఎక్కువగా అనుమానిస్తున్నాయి.

కూల్‌డ్రింకులు, తీపి చాయ్ తగ్గించి రాత్రికి జొన్న రొట్టె తింటున్నాను. కొత్తవి తగ్గాయి. డాక్టరమ్మ రాసిన అడాపలీన్ అనే మొటిమల మందు కూడా పూస్తున్నాను కాబట్టి ఘనతంతా జొన్నలకు ఇవ్వలేను. మొటిమలతో పాటు నెలసరి కూడా తప్పేవాళ్లు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ముడిపడిన అండాశయాల సమస్య) ఉందేమో చూపించుకోవాలి.

నా అసలు టెన్షన్ వేరే. మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు ఇచ్చేస్తున్నారు. వాటితో మొటిమలు ఇంకా ముదురుతాయి. ఔషధ తనిఖీ అధికారులు మా వైపు ఒకసారి రావాలి.

– ఒక టైలర్, హన్మకొండ